ముందు తివాచీ కొనరా అబ్బాయ్

మొన్న మా మేనల్లుడు ఫోను చేసి, "మావయ్యా, కొత్త ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకుందామనుకుంటున్నాను. మూడు లక్షలదాకా పెట్టగలను. ముందు ఏం కొనమంటావు?" అని అడిగాడు.

"తివాచీ" అన్నాను.

కాసేపు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. "హాస్యాలాడకు మావయ్యా" అన్నాడు చివరికి.

నేను హాస్యమాడలేదు. ముప్ఫయ్యేళ్ళుగా జీతంలో మిగిల్చిన డబ్బుతో ఒక్కొక్క డబ్బా మారుస్తూ, పాతది అమ్ముతూ, అమ్ముడుపోనిదాన్ని అటకెక్కిస్తూ నేర్చుకున్న పాఠమంతా ఆ ఒక్కమాటలో చెప్పాను. (మా అటకమీది సామాను చూస్తే ఆ పాఠానికి నేను కట్టిన రుసుము తక్కువేమీ కాదని తెలుస్తుంది.) ఫోనులో చెప్పలేకపోయిన వివరణ ఇక్కడ రాస్తున్నాను. వాడు తెలుగు చదువుతాడో లేదో గాని, మీరు చదువుతారు గదా.

తెనాలిలో మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. మీట తిప్పాక లోపలి వాల్వులు వేడెక్కి దాని గొంతు పెగలడానికి అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషంలో నాన్నగారు కండువా భుజాన వేసుకుని పడక్కుర్చీలో సర్దుకునేవారు. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో మా ఇల్లు నిద్రలేచేది. సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే రోజున ఇరుగుపొరుగువాళ్ళు కూడా చేరేవారు. రెండున్నర గంటల సినిమాను గంటకు కుదించి, బొమ్మ లేకుండా వట్టి మాటలూ పాటలే వినిపిస్తే, అరుగుమీద కూర్చున్న పదిమందీ ఎవరి సినిమా వాళ్ళు చూసుకునేవారు. ఉన్నది ఒకే ఒక్క స్పీకరు, అదీ చెక్కపెట్టెలో, గుడ్డ తెర వెనకాల. అయినా ఫలానా మాట వినబడలేదని ఎవరూ అన్న గుర్తు లేదు. ఈ సంగతి కాస్త జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక, 1991లో ఒక టూ-ఇన్-వన్ కొన్నాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు, అందరిళ్ళలోనూ ఉండేదే. అసలు కథ 1997లో, కోఠీ గుజరాతీగల్లీలో మొదలైంది. పాత యాంప్లిఫయరు ఒకటి, మోకాలెత్తు చెక్కపెట్టెల స్పీకర్లు రెండు, బేరమాడి ఆటోలో వేసుకుని వచ్చాను. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్?' కేసెట్టు అప్పటికే అరిగిపోయేలా విన్నవాణ్ణి. ఆ రాత్రి అదే కేసెట్టు పెట్టి రెండు స్పీకర్లకూ ఎదురుగా, నట్టనడుమ కూర్చున్నాను. వయొలిన్లు గదిలో ఒక చోటినుంచి లేచి ఇంకో చోట వాలుతున్నాయి. రెండు పెట్టెల మధ్య ఏమీ లేని గోడ పాడుతోంది! స్టీరియో అనే మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. అంతకుముందు అది నాకు పెట్టెమీది స్టిక్కరు మాత్రమే.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

2003లో డీవీడీలు ఇల్లిల్లూ చేరుతున్న రోజుల్లో నాకూ బుద్ధి మందగించి, ఒకే పెట్టెలో అన్నీ ఇచ్చే హోమ్ థియేటర్ తెచ్చాను. ఆరు ప్లాస్టిక్ స్పీకర్లు, దుకాణం అద్దంమీద కొట్టొచ్చేటట్టు 'వెయ్యి వాట్లు పీఎమ్‌పీఓ' అన్న అక్షరాలు. ఆ పీఎమ్‌పీఓ అన్న లెక్క ఎవరు కనిపెట్టారోగాని గొప్ప కవి. రెప్పపాటు కాలంలో ఆ యంత్రం ఊహామాత్రంగా ఇవ్వగల శక్తిని గుణించి, హెచ్చించి వేసే సంఖ్య అది. నిలకడగా ఇచ్చే శక్తి అందులో పదోవంతు కూడా ఉండేది కాదు. నా గుజరాతీగల్లీ యాంప్లిఫయరు మీద 'నలభై వాట్లు' అని వినయంగా ఉండేది, కాని అది పాడినట్టు ఈ వెయ్యి వాట్లది పాడలేదు. ఆరు నెలలకే దాన్ని అటకెక్కించాను.

వాట్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా మేనల్లుడు రెండో ప్రశ్నగా అడిగింది అదే. శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది మూడు డెసిబెళ్ళు. చెవికి అది 'కాస్త పెరిగినట్టుంది' అనిపించేంత. రెండింతల చప్పుడుగా తోచాలంటే సుమారు పది డెసిబెళ్ళు, అంటే పదిరెట్ల శక్తి కావాలి. యాభై వాట్లది మార్చి వంద వాట్లది కొనడానికి పాతికవేలు పోసినవాడికి దక్కేది ఆ మూడు డెసిబెళ్ళే. అదే వాటుకు మూడు డెసిబెళ్ళు ఎక్కువ పలికే స్పీకరును ఎంచుకుంటే అదే ఫలం ఉచితంగా వస్తుంది. మామూలు ముందుగదిలో మనం సినిమా చూసేటప్పుడు ఖర్చయ్యేది చాలాసేపు ఒక వాటో, అంతకు తక్కువో. మిగిలినదంతా బాంబులు పేలేటప్పుడు.

2006నుంచి నేను బుద్ధి తెచ్చుకుని ఒక్కొక్కటే కొనడం మొదలుపెట్టాను. ముందు ఒక రిసీవరు, దానికి నా పాత చెక్కపెట్టెలే. మరుసటేడు మధ్యలో పెట్టే సెంటర్ స్పీకరు. అది ఒక కంపెనీది, పక్కవి రెండూ వేరే కంపెనీవి. సినిమాలో మాటలన్నీ దాదాపు మధ్య స్పీకరునుంచే వస్తాయి. పాత్ర మాట్లాడుతూ తెరకు ఎడమవైపు నడిస్తే మాట ఆ పక్కకు జరుగుతుంది. మా ఇంట్లో అలా నడిచిన ప్రతివాడికీ నాలుగో అడుగులో జలుబు చేసేది! అన్నీ ఒకేసారి జతగా కొనాలని వాదించేవారు చెప్పేదాంట్లో ఈ ఒక్క విషయం న్యాయం. ముందున్న మూడు స్పీకర్లూ ఒకే తల్లి బిడ్డలై ఉండాలి. తక్కినవాటి విషయంలో నేను వారితో ఏకీభవించను. వెనక స్పీకర్లు ఎప్పుడు కొన్నా పరవాలేదు, అసలు కొనకపోయినా కొంపలంటుకోవు.

ఒకేసారి కొనకూడదనడానికి నా ప్రధానమైన వాదన ఇది: ఈ సామానంతా ఒకే వేగంతో ముసలిదవదు. నా 1997 నాటి స్పీకర్లు ఇప్పటికీ పాడుతున్నాయి. కోనుల చుట్టూ ఉండే నురుగురబ్బరు మధ్యలో ఒకసారి పొడిపొడిగా రాలిపోయింది. మరమ్మతు చేసేవాడు కొన్ని వందల రూపాయలకు కొత్త అంచులు అతికించి ఇచ్చాడు. ఆ పాత యాంప్లిఫయరుకూ ఏమీ కాలేదు. రిసీవర్లు మాత్రం మూడు మారాయి, మూడింట్లో ఏ ఒక్కటీ చెడిపోయి మారలేదు. మొదటిదానికి హెచ్‌డీఎమ్‌ఐ లేదు, అందువల్ల బ్లూరే వచ్చాక అందులోని మేలిరకం శబ్దాన్ని అందుకోలేకపోయింది. రెండోదానికి హెచ్‌డీఎమ్‌ఐ ఉంది గాని, 4కే టీవీ వచ్చాక ఆ బొమ్మను దాటించడం దానికి చేతకాలేదు. ఇప్పుడున్నది ఎన్నాళ్ళో. 2014లో అట్మాస్ ఇళ్ళలోకి వచ్చాక పైకప్పులోకూడా స్పీకర్లు పెట్టమంటున్నారు. మా పైకప్పు అద్దె ఇంటిది కాకపోయినా ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు. కాబట్టి డబ్బు నిదానంగా ముసలయ్యే వస్తువుమీద పెట్టాలి. ఏటేటా వేషం మార్చే పెట్టెను, పని జరిగేటంతలో చవకైనదిగా చూసి కొనాలి. దుకాణాల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

ఇంకో సంగతి. 2012లో మా సిస్టం 'మ్‌మ్‌మ్' అని మూలగడం మొదలుపెట్టింది. ఏమీ పెట్టకపోయినా అదే మూలుగు. చూడవచ్చిన మెకానిక్కు పెదవి విరిచి, కొత్త యాంప్లిఫయరు పడుతుందన్నాడు. ధరకూడా కనుక్కున్నాను. ఈలోగా ఒక సాయంత్రం ఉరుములు వస్తున్నాయని మా ఆవిడ టీవీకి వచ్చే కేబుల్ వైరు పీకింది. మూలుగు ఆగిపోయింది! కేబుల్ వైరు పైతొడుగుకు ఎక్కడో వీధి చివర ఎర్తు, మా ప్లగ్గుకు మా ఇంటి ఎర్తు. రెండింటికీ మధ్య ఉన్న కాస్త తేడావల్ల ఆ తొడుగు గుండా కరెంటు పారి, మన యాభై హెర్ట్‌జ్ కరెంటే స్పీకర్లో పాడుతోందన్నమాట. వైరుకు నడుమ ఒక చిన్న ఐసొలేటరు బిగిస్తే సరిపోయింది. ఇంచుమించు ముప్ఫైవేలు మిగిల్చిపెట్టిన మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంటుంది, ఎత్తడం న్యాయమే.

ఇప్పుడు నాన్నగారి విషయానికి వస్తాను.

అమ్మ పోయాక, 2013లో ఆయన మా దగ్గరికి వచ్చేశారు. సాయంత్రంపూట అందరం సినిమా పెట్టుకుంటే మొదట్లో వచ్చి కూర్చునేవారు. "ఇప్పటివాళ్ళు గొణుగుతారేమిట్రా, నోరు తెరిచి మాట్లాడరా?" అనేవారు. చెవి మిషను పెట్టించుకుందామంటే వద్దన్నారు. నేను శబ్దం పెంచేవాణ్ణి. పెంచితే మాటలతోబాటు బాంబులూ పెరిగేవి, ఆయన ఉలిక్కిపడేవారు. తగ్గిస్తే మాట పోయేది. ఇంకా మంచి సెంటర్ స్పీకరు కావాలనుకుని ఇంకా మంచిదే తెచ్చాను. 2014లో సబ్‌వూఫరు కూడా తెచ్చాను, దానికీ ఆయన కష్టానికీ ఏ సంబంధమూ లేకపోయినా.

కొంతకాలానికి ఆయన సాయంత్రాలు బాల్కనీలో ట్రాన్సిస్టరు చెవిదగ్గర పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. గాలికోసం వెళ్తున్నారనుకున్నాను. కొన్ని నెలలపాటు అలాగే అనుకున్నాను. ఇంట్లో యాభై అడుగుల దూరంలో, నా సామానంతా భరించలేక ఒక మనిషి లేచి వెళ్ళిపోతున్నాడని నాకు తట్టలేదు. శబ్దం గురించి అన్నీ తెలుసుననుకునేవాడికి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ కనబడలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. వయసు మీదపడ్డ చెవి ముందుగా కోల్పోయేది సన్నని, ఎత్తైన ధ్వనులను. మాటలో బిగ్గరతనమంతా అచ్చులది, అవి మంద్రంగా ఉంటాయి. అర్థాన్ని విడదీసే హల్లులు, ముఖ్యంగా క, త, ప, స లాంటివి, బలహీనంగా పైస్థాయిలో ఉంటాయి. మనది అజంతభాష గనుక నాన్నగారికి మాటల చివరి అచ్చులు నిండుగా వినబడేవి, అవి ఏ హల్లును పట్టుకుని వచ్చాయో తెలిసేది కాదు. దీనికి తోడు మా ముందుగది. కింద పాలరాయి, నాలుగువైపులా సున్నం వేసిన గోడలు, ఒకపక్క గాజు తలుపు. ప్రతి మాటా ఆ రాళ్ళనుంచి తిరిగివచ్చి తర్వాతి మాటమీద పడేది. కుర్రచెవి ఆ రెంటినీ వేరుచేసుకోగలదు. ఆయన చెవికి అంతా కలిసి ముద్దయ్యేది. తెనాలిలో మా అరుగుకు మూడువైపులా గాలే గదా, మాట తిరిగి వచ్చేది కాదు!

ఇక తివాచీ ఎలా వచ్చిందంటే, అది నా తెలివివల్ల కాదు. సబ్‌వూఫరును గదిలో ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని మనం కూర్చునే సోఫామీద పెట్టి పాట వినిపిస్తూ, మనం గోడల వెంబడి నేలమీద పాకుతూ వెళ్ళాలి. మంద్రస్వరం ఎక్కడ చదునుగా వినబడితే అక్కడ దాని స్థానం. పద్నాలుగు అడుగుల గదిలో నలభై హెర్ట్‌జ్ చుట్టుపక్కల స్వరాలు గోడల దగ్గర ఉబ్బి, నడిమధ్యలో మాయమవుతాయి, అందుకని ఈ పాకుడు. నేను అలా చెవి నేలకానించి పాకుతున్న సమయానికి ఏలూరునుంచి మా బావమరిది తలుపు తోసుకుని వచ్చాడు. ఏమీ అనలేదు. సంక్రాంతికి మళ్ళీ వచ్చినప్పుడు తొమ్మిదడుగుల ఏలూరు ఉన్ని తివాచీ ఒకటి భుజాన మోసుకొచ్చి, "బావగారూ, పాకేటప్పుడు మోకాళ్ళకు మెత్తగా ఉంటుంది" అన్నాడు.

అది స్పీకర్లకూ సోఫాకూ మధ్య పరిచాం. పండగకని మా ఆవిడ గాజు తలుపుకు మందపాటి పరదాలు కట్టింది. ఆ రాత్రి సినిమా పెడితే నాన్నగారు బాల్కనీనుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కాసేపు విని, "ఇవాళ మాటలు తెలుస్తున్నాయే! మళ్ళీ ఏం కొన్నావురా?" అన్నారు.

తర్వాత నేను చేసినవి చిన్న పనులు. మధ్య స్పీకరును నాలుగు డెసిబెళ్ళు పెంచాను. రిసీవరులో బాంబులను అణచి మాటను లేపే రాత్రి అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని వేశాను. పక్కగోడకు పుస్తకాల బీరువా జరిపాను. వీటిలో దేనికీ పైసా ఖర్చు కాలేదు. ఆయన 2019లో పోయేవరకు, ఆ నాలుగేళ్ళూ, సాయంత్రాలు ముందుగదిలోనే కూర్చున్నారు.

ఇది కొత్తగా కనుక్కున్న విద్యేమీ కాదు. 1895లో హార్వర్డులో ఒక ఉపన్యాసమందిరం కడితే అందులో చెప్పేదొక్కటీ ఎవరికీ అర్థం కాలేదట. ఖాళీ గదిలో ఒక శబ్దం ఐదు సెకన్లకు పైగా తచ్చాడేది. ఆ సంగతి చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్ళు పక్కనున్న నాటకశాలనుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుసా పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, శబ్దం ఎన్ని సెకన్లలో ఆరిపోతుందో గడియారంతో కొలిచి, తెల్లవారేలోగా మెత్తలు తిరిగి పంపించేవాడు. గదుల శబ్దశాస్త్రం పుట్టింది అలా, మెత్తలు మోసిన చేతుల్లో. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు ఆయన సలహాయే ఆధారం. మరి నూట పాతికేళ్ళ తర్వాత కూడా మన దుకాణాల్లో ఒక్కడైనా "మీ గది నేల ఏమిటండీ?" అని అడగడు.

తివాచీ మంద్రశబ్దాన్ని ఆపలేదని కూడా చెప్పాలి. మా కింది ఫ్లాటు పెద్దాయన ఒకరోజు పైకి వచ్చి, "మీ సినిమాలో విమానం కూలినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు కూలుతున్నాయి" అన్నారు. రాత్రి తొమ్మిది దాటితే సబ్‌వూఫరు ఆపేస్తాను, అంతకుమించిన పరిష్కారం నాకు దొరకలేదు.

వేలు పోసే తీగల సంగతి రెండు ముక్కల్లో తేలుస్తాను. ఇళ్ళలో కరెంటుకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, పోనూ రానూ పది మీటర్లు లాగితే దాని నిరోధం ఓములో పదోవంతు కూడా ఉండదు. ఎనిమిది ఓముల స్పీకరుకు అదొక లెక్క కాదు. సీడీకన్నా సూక్ష్మమైన రికార్డింగుల సంగతీ అంతే. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆ తేడా పట్టగలరేమోనని శ్రోతలకు పరీక్ష పెడితే, 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. యాభై దాటిన నా చెవికి పన్నెండు వేల హెర్ట్‌జ్ పైన ఎలాగూ ఏమీ వినబడదు.

చివరగా, నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం. ఘంటసాల పాటలు, ద్వారం వేంకటస్వామినాయుడిగారి మూడేసి నిమిషాల రికార్డులు, ఇవన్నీ మోనో. ఒక్క స్పీకరుకోసం చేసినవి. వాటిని రిసీవరులోని 'అన్ని స్పీకర్లూ' అనే మీట నొక్కి ఐదింట వినిపిస్తే ఏమవుతుందో నాన్నగారు నాకు చెప్పారు. "ఈయన బావిలో కూర్చుని పాడుతున్నాడేమిట్రా?" అన్నారు. రెండు స్పీకర్లలో పెట్టినా, నడుమ కూర్చున్నవాడికి తప్ప పక్క కుర్చీలో ఉన్నవాడికి పాట దగ్గరి పెట్టెలోనే ఇరుక్కుపోతుంది. ఆయన కుర్చీ కిటికీ పక్కన. 'మాయాబజార్'కు 2010లో రంగులద్దినప్పుడు శబ్దాన్నీ డీటీఎస్‌కు మార్చారు. ఆ శ్రమను నేను కాదనను, కొత్త పిల్లలు హాలుకు వచ్చి చూశారంటే సంతోషమే. కాని ఇంట్లో వినేవాడికి 1957 నాటి గొంతును గదంతా చల్లవలసిన అవసరం లేదు. అందుకని అటకమీది గుజరాతీగల్లీ యాంప్లిఫయరును దించి, పాత చెక్కపెట్టెల్లో ఒకదాన్ని ఆయన కుర్చీకి నాలుగడుగుల దూరంలో పెట్టి, దానికొక్కదానికే పాట ఇచ్చాను. ఆయన కండువా సర్దుకుని కూర్చున్నారు.

ఇప్పటికీ ఆ పెట్టె అక్కడే ఉంది. తక్కిన నాలుగూ సినిమాలప్పుడు పలుకుతాయి.

మేనల్లుడు నిన్న మళ్ళీ ఫోను చేశాడు. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడమన్నానని కొట్టి చూశాడట. "మావయ్యా, రేకు డబ్బామీద కొట్టినట్టు 'టింగ్' మంటోంది" అన్నాడు. ఆదివారం నేను వెళ్ళి బీరువా ఏ గోడకు జరపాలో చూస్తానన్నాను. ఆ గోడకు దేవుడి మందిరం వస్తుంది, జరపడానికి వీల్లేదని లోపలినుంచి వాడి భార్య అంటోంది. తివాచీ మాత్రం ఏలూరుకు చెప్పి ఉంచాను.